తెరమీది కణము

మన పాఠశాలలలో నీ మధ్య నొక క్రొత్త వేలుపు వెలసినది. అది గోడకు దగిలించిన నల్లని పలక. మీట నొక్కినంతనే దానిమీద నీలవర్ణపు గోళ మొకటి తేలివచ్చును. గోళము విచ్చుకొనును. లోపల నెఱ్ఱని, పచ్చని, ఊదారంగు బొమ్మలు వాద్యధ్వనికి లయ దప్పక కదలాడును. ఎవ్వరిదో గంభీరమైన కంఠము ఆంగ్లమున "జీవకణ మిట్టిది" యని చెప్పుచుండును. నలువదిమంది పిల్లలు నోళ్ళు తెఱచి చూతురు. గంట మ్రోగును. జీవశాస్త్రపాఠ మొకటి ముగిసినదని పుస్తకములో వ్రాసికొందురు. కణము నిజముగా నట్లుండునా యని యడిగిన బిడ్డ లేదు. అడుగవచ్చునని చెప్పిన పెద్దయు లేడు.

ఈ కదలుబొమ్మలనే యానిమేషనులని వ్యవహరించుచున్నారు. వీనిని బడినుండి వెడలగొట్టుడని నేను గోరను. వీనిని నేడు జూపుచున్న తీరు మాత్రము విద్య గాదనియు, మనము తాతలనాటినుండి వదలించుకొన జూచుచున్న గ్రుడ్డినమ్మకమే యిందు విద్యుద్దీపము వెలిగించుకొని వచ్చినదనియు జెప్పదలచితిని. పూర్వము "గురువుగారు సెలవిచ్చిరి" అన్నచో మాఱుపలుకు లేదు. ఇప్పుడు "తెరమీద జూచితిమి" అన్నచో మాఱుపలుకు లేదు. గురువుగారి నైన నెప్పుడో యొక తుంటరి యడ్డుప్రశ్న వేసి చిక్కుపఱచెడివాడు. తెర నెవ్వరు చిక్కుపఱచగలరు?

నేను జీవశాస్త్రోపాధ్యాయుడను గాను. సంస్కృతము, ఆంగ్లము చదివి, తెలుగు చెప్పుకొని బ్రదుకువాడను. మల్కాజ్‌గిరి ప్రాంతపు బడి యొకదానిలో (దాని పేరుతో మనకు బని లేదు) జీవశాస్త్రము చెప్పు నామె సెలవుపై బోగా మూడు నెలలు ఆమె స్థానమున నెవ్వరును రాలేదు. తొమ్మిదవ తరగతికి కణపాఠములు జరుగవలసి యున్నవి. "పంతులుగారూ, మీ రేమియు జెప్పనక్కఱలేదు. పలక వెలిగించి కూర్చుండుడు, అదియే చెప్పును" అని నాకు ఆజ్ఞ యయినది. అట్లు కొన్ని వారములు మీట నొక్కువాడనై గడపితిని. ప్రయోగశాల యని పేరు గల గదిలో నొక యినుపబీరువా యుండెను. అందు మూడు సూక్ష్మదర్శినులు గుడ్డ కప్పుకొని తనిఖీ యధికారుల రాకకై వేచియుండెను. తాళపుచెవి కార్యాలయములో నుండెను. అద్దము పగిలినచో నెవరు పూచీ యని దానిని దీసికొను సాహసము ఎవ్వరును జేయరైరి.

ఒకనాడు తెరమీద నొక విచిత్రాకారము నడచినది. దానికి రెండు కాళ్ళు. తలపై దనకంటె నెన్నో రెట్లు పెద్దదగు తిత్తి. త్రాటివంటి బాటమీద నడుగు వెనుక నడుగు వేయుచు, మొక్కుబడికై తిరుమల మెట్లెక్కు యాత్రికునివలె దొట్రుపడక పోవుచున్నది. పిల్లలు నవ్విరి. మూడవ బల్లమీది బాలిక లేచి, "సార్, దానికి కండ్లుంటయా? ఎటు పోవాల్నో దానికెట్ల తెలుస్తది?" అని యడిగెను. నేను తెల్లబోయితిని. పలక తనపాటికి దాను చెప్పుకొనిపోవుచునే యున్నది. మీట నొక్కి దాని నోరు మూయించి, "రేపు చెప్పెదనమ్మా" అంటిని. నా రేపునకు బది దినములు పట్టినది.

ఆ నడచునది కైనెసిను అను మాంసకృత్తు. అది ప్రాణి గాదు. దానికి గన్ను లేదు, గమ్యము తెలియదు. అది వేయు నొక్కొక్క యడుగు ఎనిమిది నానోమీటర్లు. అనగా మిల్లీమీటరును పదిలక్షల పాళ్ళు చేసి యందెనిమిది పాళ్ళు. అడుగునకొక ఏటీపీ యణువు వ్యయమగును. ఏటీపీ సమృద్ధిగా నున్నచో సెకనునకు దాదాపు నూఱడుగులు వేయును. కాని చుట్టునున్న నీటియణువులు దానిని సర్వదిక్కులనుండి యెడతెగక కొట్టుచుండును. 1827లో రాబర్టు బ్రౌను పుప్పొడిలోని రేణువులు నీట నిలువక వణకుటను సూక్ష్మదర్శినిలో జూచెను. 1905లో ఐన్‌స్టీను ఆ వణకునకు నీటియణువుల తాకిడియే హేతువని గణించి చూపెను. ఆ వణకులోనే కైనెసిను కాలు ముందువెనుకలకు గొట్టుకొనుచు, అనువైన తావు దొరకినప్పు డంటుకొనును. ఏటీపీ విఱిగినప్పుడు దాని యాకృతిలో గలుగు మార్పులు వెనుకకు జాఱు దారిని మూసివేయుటచే మొత్తముమీద ముందునకు సాగును. తెరమీది యాత్రికుని నిబ్బరము చిత్రకారుడు పెట్టినది. ఉద్దేశము లేనిచోట గ్రమము గల పని యెట్లు జరుగునని యా బాలిక యడిగినది. మన తార్కికులు శతాబ్దములపాటు వాదించుకొన్న ప్రశ్న యిది. బొమ్మ దానికి దప్పుడు సమాధానమును వాద్యములతో సహా చెప్పి ముందునకు బోయినది.

ఏటీపీ యంటిని గదా. ఆ యణువును 1929లో హార్వర్డులో ఫిస్కేతో గూడి కనుగొన్నవాడు భీమవరమున బుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే యేట జర్మనీలో లోమను వేఱుగా గనుగొనెను. ఈ సంగతి తెలుగుబిడ్డలకు జెప్పు తీరిక నేను జూచిన తెరపాఠములలో దేనికిని లేకపోయెను.

ఇట్టి నడకను లోకమునకంతటికి బరిచయము చేసిన చిత్రము 2006లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారికై ఎక్స్‌వివో సంస్థ నిర్మించిన "ది ఇన్నర్ లైఫ్ ఆఫ్ ది సెల్". తెల్లరక్తకణములోని వ్యాపారములు దాని విషయము. అది నిస్సందేహముగా నద్భుతమైన పని. కాని యందు గణాంతర్భాగము కార్తికమాసపు టాకాశమువలె విశాలముగా, నిర్మలముగా నుండును. నిజమునకు గణము లోపల నంత చోటెక్కడిది? సంక్రాంతికి నగరము విడిచిపోవు రైలు సికిందరాబాదులో నిలిచినప్పటి సామాన్యపు పెట్టెను దలచుకొనుడు. కణము లోపలి యిఱుకు అట్టిది. బరువులో దాదాపు డెబ్బదిపాళ్ళు నీరు, మిగిలినది క్రిక్కిఱిసిన యణువుల మూకలు. దీనిని గమనించియే యదే హార్వర్డువారు, అదే సంస్థతో 2014లో మఱియొక చిత్రము దీయించి, అందు మాంసకృత్తుల గుంపును, వాని కుదుపులను జూపిరి. అందులోను జాలవఱకు విడిచిపెట్టవలసివచ్చినది. ఉన్నంతయు జూపినచో బొమ్మలో నేమియు గానరాదు. చేసినవారు దమ పనిని దామే దిద్దుకొనిరి. అది శాస్త్రధర్మము. మన బడులలో నా దిద్దుబాటు మాట యెవ్వరును జెప్పరు. మొదటి బొమ్మయు దాని యనుకరణములును వేదవాక్యములుగా మ్రోగుచునే యున్నవి.

తప్పు బొమ్మలదే యనుట న్యాయము గాదు. మాటలును దక్కువవి గావు. 1665లో రాబర్టు హుక్కు బెండుముక్కను బలుచగా గోసి చూచి, అందలి ఖాళీ యఱలకు చిన్న గది యను నర్థము గల పేరు పెట్టెను. అతడు చూచినది చచ్చిన గోడలను. ఆ గది పేరే ఆంగ్లమున నేటికిని నిలిచినది. మనవారు దానికి "కణము" అను సంస్కృతపదమును దెచ్చిరి. కణమనగా నూక, గింజ, రవ్వ; కణాదుని పేరులో నున్నదియు నదియే. ఆంగ్లబాలుడు గదిని దలచుకొనును, తెలుగుబాలుడు నూకను దలచుకొనును. ఒకటి బోలు, ఒకటి గట్టి; జీవకణము రెండును గాదు. కాని మాట మాట యని యందఱకు దెలియును. ఉపాధ్యాయుడు "ఇది పోలిక మాత్రమే" యని యొక్క వాక్యముతో సరిదిద్దగలడు. కదలుబొమ్మ పోలికవలె గానరాదు, సాక్షివలె గానవచ్చును. దాని ప్రమాద మిందులోనే యున్నది.

మన తోలుబొమ్మలాటలో గూడ తెర యున్నది, దీప మున్నది, రంగులున్నవి. కాని బంగారక్క నోటినుండి వచ్చునది తెరవెనుక నున్న యాటగాని గొంతని యెఱుగని పల్లెబిడ్డ లేదు. తెల్లవాఱిన పిమ్మట బొమ్మలను బుట్టలో సర్దుట గూడ వారు చూచెడివారు. ఈ క్రొత్త తెరవెనుక నున్నవా డెవడు? ఆ యూదారంగు ఎవరు పెట్టిరి? అణువునకు రంగుండునా? (కాంతి తరంగముకంటె నెంతో చిన్నదైన యా మాంసకృత్తునకు మనము చూపు రంగేమియు లేదు; గుర్తుకై పెట్టిన రంగది.) రెండు మూడు గోరుచుట్ల యంతేసి మైటోకాండ్రియాలను జూపుదురు. కాలేయకణ మొక్కదానిలోనే వేయికి బైగా నుండును. అవి యొకదానితో నొకటి కలియుచు, మరల విడిపోవుచు నుండును. కణవిభజనము తెరమీద నరనిమిషములో ముగియును. మన దేహకణములలో క్రోమోజోములు విడివడి పంచుకొను నా యొక్క ఘట్టమునకే యించుమించు గంటకాలము పట్టును. ఇవియన్నియు జెప్పినచో బొమ్మ చెడిపోదు. చెప్పకుండుటచే బిడ్డ చెడిపోవుచున్నది.

ఇక సూక్ష్మదర్శిని సంగతి. నేను మొండిపట్టు పట్టి, పగిలినచో సొమ్ము నేను గట్టెదనని కాగితము వ్రాసియిచ్చి, బీరువా తెఱపించితిని. ఉల్లిపొర దీసి, గాజుపలకపై బఱచి, సాఫ్రనిను చుక్క వేసి, పైన గాజుబిళ్ళ కప్పుట పుస్తకములోనే యున్నది. నేనును పిల్లలతోపాటు దానినే చూచి చేసితిని. మొదటి బాలుడు కన్నానించి "కణం కనబడ్డది సార్!" అని కేక వేసెను. నల్లని గట్టియంచుతో గుండ్రని యాకృతి. రెండవవాడును, మూడవవాడును దానినే చూచి సంతోషించిరి. నేనును సంతోషించితిని. తరువాత దెలిసినది, అది గాలిబుడగ. బిళ్ళను ఏటవాలుగా దింపక ధబాలున వేసినందున జిక్కుకొన్న గాలి. మరల చేసితిమి. ఈ సారి బుడగల నడుమ, ఇటుకగోడవలె వరుసగా, లేతగులాబిరంగున దీర్ఘమైన గళ్ళు. ఒక్కొక్కదానిలో నొక చిన్న చుక్క. ఆ చుక్కకే 1831లో బ్రౌను కేంద్రకమను నర్థము వచ్చు పేరు పెట్టినాడని చెప్పితిని. ఆ గులాబిరంగు మనము వేసిన చుక్కదే గదా యని యొకడు తనంతట దానే యనెను. ఆ మాట యంతకుముందు మూడు వారములలో నే తెరమీది రంగును జూచియు నెవ్వడును అనలేదు.

తెరమీద గాలిబుడగ యుండదు. తెరమీద దప్పు జరుగదు. తప్పు జరుగనిచోట, "నేను జూచినది యదియేనా?" యను శంక యెట్లు పుట్టును? ఒక్క బుడగ యా పిల్లలకు నేర్పినది పలక యేడాదియంతయు నేర్పదు.

సికిందరాబాదువారమగు మనకు ఈ మాట వేఱొకరు చెప్పవలెనా? 1897 ఆగష్టు 20వ తేదీన, ఇక్కడికి జేరువనే బేగంపేటలో, రొనాల్డు రాసు దోమ కడుపును జీల్చి చూచి, దాని గోడలో నల్లని వన్నెరవ్వలు గల కణములను గనుగొనెను. మలేరియా దోమద్వారా వ్యాపించుననుటకు మొదటి యాధార మది. దానికి ముందు రెండేండ్లు వందలకొలది దోమలను గోసి యేమియు గానలేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టినవి; ఉన్న కంటియద్దము బీటవాఱినది; గాలికి దోమ లెగిరిపోవునని పంకా గూడ వేయనీయలేదు. దోమకాటునకు అణా చొప్పున బుచ్చుకొని తన మలేరియా రక్తము నిచ్చిన హుస్సేనుఖానను రోగియు నా పరిశోధనలో భాగస్థుడే. 1902లో రాసునకు నోబెలు బహుమాన మిచ్చిరి. ఆ యూరి బిడ్డలకు నేడు మనము బీరువా తాళము చూపి, పలక వెలిగించుచున్నాము.

నాతో నేకీభవించుచున్నామని కొందఱు వృద్ధమిత్రులు నవ్వుచున్నారు. "మేము మొదటనే చెప్పితిమి గదా, సుద్దముక్క, నల్లబల్ల చాలును, ఈ బొమ్మలాట లేల?" అని వారి మాట. వారితోను నాకు బొత్తు గుదరదు. సుద్దముక్కతో గీచిన కణము కోడిగ్రుడ్డు అట్టువలె బల్లపఱుపుగా నుండును. దానిని బట్టీపట్టి, పరీక్షలో "పటము గీచి భాగములు గుర్తింపుము" అను ప్రశ్నకు మార్కులు దెచ్చుకొని, కణమునకు దళసరి యున్నదని యెఱుగకయే పట్టభద్రులైనవా రెందఱో గలరు. నా సంగతియే చెప్పెదను. కణత్వచమనగా గోట ప్రాకారమువంటి దను తలపుతోనే నలువదియేండ్లు గడపితిని. అది నూనెపొరవలె ప్రవహించుచుండుననియు, అందు మాంసకృత్తులు తేలుచు దిరుగుననియు సింగరు, నికల్సను అను వారు 1972లోనే ప్రతిపాదించిరి. ఆ విషయము నాకు గ్రంథము చదివి బోధపడలేదు; కదలుబొమ్మ చూచిన నిమిషమున బోధపడినది. మామూలు సూక్ష్మదర్శిని మిల్లీమీటరులో నైదువేలవ వంతునకు దక్కువ దూరమున నున్న రెండు చుక్కలను విడదీసి చూపలేదు. దానికి దిగువ లోకమునకు మనకు జిత్రకారుడే దిక్కు. కావుననే యా చిత్రకారు డెవడో, ఎంతవఱకు జూచి యెచ్చటినుండి యూహించెనో మనము చెప్పితీరవలెనని నా వాదము.

"ఇంతమాత్రమునకు నింత గోల యేల? పిల్లలకు గణములోని నీటిలెక్క తెలియకున్న నేమి మునిగినది?" అని యడుగువారున్నారు. వర్షకాలమున మా వీధులకు రండు. ఇంటికొక డెంగీ జ్వరము. "ప్లేట్‌లెట్లు పడిపోయినవి" అను మాట పాలవాని నోట గూడ వినవచ్చును. చదువుకొన్న గృహస్థులు సాయంకాలమునకు రక్తపరీక్ష కాగితమును జాతకచక్రమువలె చేతబట్టుకొని, అంకె తగ్గినచో గుండె జాఱి, ఒకవంక బొప్పాయియాకు రసమునకును, ఒకవంక రక్తనిధికిని బరువెత్తుచుందురు. ప్లేట్‌లెట్టు పూర్ణకణము గాదనియు, మజ్జలోని మహాకణము తునుకలై రాలిన కేంద్రకరహితమైన శకలమనియు, ఘనమిల్లీమీటరు రక్తములో లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షలవఱకు నుండుట సహజమనియు, ఈ జ్వరమున బ్రాణము దీయునది తఱచుగా నా యంకె గాక సన్నని రక్తనాళములనుండి ద్రవము కాఱిపోవుటయే యనియు నెందఱకు దెలియును? రక్తస్రావము లేనప్పు డంకె నొక్కదానిని జూచి ప్లేట్‌లెట్లు ఎక్కించుట యవసరము లేదని వైద్యగ్రంథములు చెప్పుచుండగా, ఎక్కింపుడని వైద్యుని నిర్బంధించు తండ్రులను నేను గన్నులార జూచితిని. వారందఱు నేదో యొక తరగతిలో గణపాఠము చదివినవారే. వారి పిల్లలు తెరమీద నెఱ్ఱని బిళ్ళలు నదిలో దామరలవలె దేలిపోవుటను జూచినవారే.

రాజ్యాంగమున 1976లో నలువదిరెండవ సవరణముచే జేర్చిన 51ఏ అధికరణము శాస్త్రీయదృష్టిని, పరిశీలనాసక్తిని, సంస్కరణాభిలాషను బౌరుని విధులని చెప్పినది. హబ్సిగూడలో, మా యూరికి గొద్ది మైళ్ళలోనే, 1977లో నేర్పడిన కణజీవశాస్త్ర పరిశోధనకేంద్రము సీసీఎంబీ యున్నది. దాని తొలి సంచాలకుడగు పుష్పమిత్ర భార్గవగారు శాస్త్రీయదృష్టి కొఱకు జీవితాంతము వాదించినవారు. ఇంతటి పీఠమునకు గ్రీనీడలో నున్న బడిలో బిడ్డ యొక్క కణమునైన గన్నుతో జూడకయే పదవ తరగతి దాటిపోవుట మనకు సిగ్గుచేటు.

2020లో మహమ్మారి కాలమున బడులు మూతపడినప్పుడు, సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ తెరలపై పాఠములు నడపిరి. అది గత్యంతరము లేని వేళ. దానిని నేను దప్పుపట్టను. తరువాత 2022లో మొదలైన "మన ఊరు – మన బడి", మన నగరములలో "మన బస్తీ – మన బడి" పథకమున దెరలకును చోటు గల్పించిరి. సంతోషమే. తెరకు వెచ్చించు సొమ్ములో జిన్న పాలితో బడికి సూక్ష్మదర్శినులు వచ్చును. స్టాన్‌ఫర్డులో మను ప్రకాశ్ బృందము 2014లో లోకమునకు దెలిపిన కాగితపు సూక్ష్మదర్శిని "ఫోల్డ్‌స్కోపు" భాగముల వెల యొక డాలరునకు లోబడియే యుండును. ఉల్లిపాయ వెల మీ రెఱుగుదురు. లోటు సొమ్ములో గాదు. తెరకు శుభ్రము, నిశ్శబ్దము, పూచీ లేమి. సూక్ష్మదర్శినికి నీళ్ళు, మరకలు, సందడి, పగిలెడి గాజు; అన్నింటికి మించి ప్రశ్నలు. పాలకవర్గములకు దేనియందు బ్రీతియో చెప్పనేల? స్వకీయపాఠశాలల ప్రకటనపత్రికలలో తెర బొమ్మ కాననగును. సూక్ష్మదర్శినికి గన్నానించిన బిడ్డ బొమ్మ నే నింతవఱకు జూడలేదు.

ఇప్పుడు మా తరగతిలో జరుగుచున్నది చెప్పెదను. మొదట బొరను దీసి చూతుము. చూచినదానిని జూచినట్లు, బుడగలతో సహా గీయుదుము. దవడలోపలి కణములను బుల్లతో మెల్లగా గీరి చూతుము. చేపలతొట్ల యంగడినుండి హైడ్రిల్లా తీగ తెచ్చితిమి; దాని లేతయాకులో హరితరేణువులు గోడవెంబడి మెల్లగా దిరుగుట గనబడినప్పుడు తరగతిలో నెవ్వరును మాటలాడలేదు. అటుపిమ్మటనే తెర. ధ్వని తీసివేసి, తెలుగులో నేనే చెప్పుదును. నడుమ నడుమ నాపి, "ఇందు మనము చూచిన దేది? చిత్రకారుడు కలిపిన దేది? విడిచిన దేది?" అని యడుగుదును. ఒక్క నిమిషపు బొమ్మకు రెండు గంటలు పట్టుచున్నది. పాఠ్యప్రణాళిక వెనుకబడినదని నాకు హెచ్చరిక వచ్చినది, సంజాయిషీ వ్రాసియిచ్చితిని.

కన్నుల సంగతి యడిగిన బాలిక మొన్న తెరమీది యాత్రికుని మరల జూచి, తన పుస్తకములో నా బొమ్మ గీచి, దాని చుట్టును దట్టముగా జుక్కలు పెట్టినది. ఏమని యడిగితిని. "నీళ్ళు సార్, వాండ్లు పెట్టలే" అన్నది.

ఆ బీరువా తాళపుచెవి యిప్పుడు నాయొద్దనే యున్నది. ఇంతవఱకు రెండు గాజుబిళ్ళలు పగిలినవి. చదువరులలో దల్లిదండ్రులైనవారు ఈ నెలలో మీ పిల్లల బడికి బోయినప్పుడు తెరను జూపుడని యడుగ నక్కఱలేదు, దానిని వారే చూపుదురు. సూక్ష్మదర్శిని యెచ్చట నున్నదో, దాని తాళ మెవరియొద్ద నున్నదో యడుగుడు.